రానుపోను

డయాలసిస్ గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలన్నీ యంత్రాల లెక్కతోనే మొదలవుతాయి. ఫలానా ఆసుపత్రిలో పది యంత్రాలు పెట్టారు, ఫలానా మంత్రిగారు రిబ్బను కత్తిరించారు, ఇకమీదట రోగులు నగరానికి పరుగెత్తనక్కరలేదు. అక్కడితో వార్త సమాప్తం. ఆ యంత్రం దాకా మనిషి ఎలా వస్తాడు, దాని పక్కన నాలుగు గంటలు పడుకుని లేచాక ఇంటికి ఎలా చేరతాడు అన్న ప్రశ్న విలేఖరికీ తోచదు, మంత్రిగారికీ తోచదు. ఈ ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఆ ప్రశ్న వైద్యంలో సగమని నా అభిప్రాయం.

లెక్క చూడండి. వారానికి మూడుసార్లు చొప్పున ఏడాదికి 156 డయాలసిస్‌లు. రానుపోను కలిపితే 312 ప్రయాణాలు. మన దగ్గర చాలామంది వారానికి రెండింటితోనే సరిపెట్టుకుంటారు. వాళ్ళకైనా 208 తప్పవు. గుండె ఆపరేషనుకు వెళ్ళేవాడు ఒకసారి కారు కట్టించుకుంటాడు, అప్పో సప్పో చేస్తాడు, తిరిగొచ్చి ఆ ఖర్చు మరిచిపోతాడు. డయాలసిస్ రోగికి ఆ మరిచిపోయే రోజు రాదు. మూత్రపిండం మార్పిడి జరిగితే తప్ప ఈ ప్రయాణం జీవితాంతం సాగవలసిందే. రానుపోను ఆటోకి అయిదు వందలు అనుకున్నా, నెలకు పదమూడు సార్లంటే ఆరువేల అయిదు వందలు. వ్యవసాయకూలీ ఇంట్లో ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ రాకపోకల బాధకు ఒక పుట్టినరోజు ఉందని చెప్పవచ్చు. నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ 1943లో కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేసినప్పుడు అది తాత్కాలికంగా గండం గట్టెక్కించే సాధనం మాత్రమే. ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోయవలసి రావడంతో ఒకే మనిషికి ఎక్కువసార్లు చేయడం కుదిరేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా అమర్చి ఉంచే టెఫ్లాన్ గొట్టాన్ని రూపొందించాక గానీ, ఒక మనిషి మళ్ళీ మళ్ళీ యంత్రం దగ్గరికి రావడం సాధ్యపడలేదు. ప్రాణం నిలబెట్టిన ఆ చిన్న గొట్టమే, వైద్యమంటే ఒక రోజు జరిగే ఘటన కాదు, ఏళ్ళ తరబడి నడవవలసిన దారి అని నిర్ణయించింది. 1972లో అమెరికా చట్టం చేసి మూత్రపిండాలు చెడినవారి చికిత్స ఖర్చును వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్ కిందకు తెచ్చింది. అయితే అక్కడ కూడా మామూలు మెడికేర్ మామూలు కారు ప్రయాణానికి పైసా ఇవ్వదు. పేదల కోసం ఉన్న మెడికెయిడ్ ఇస్తుంది. అంత డబ్బున్న దేశానికే దారి సంగతి రెండో ఆలోచనగా తోచిందన్నమాట.

వెళ్ళడం వేరు, రావడం వేరు. తెలియనివారు ఈ రెంటినీ ఒకే గాటన కడతారు. వెళ్ళేటప్పుడు ఒంట్లో నీరు పేరుకుని ఆయాసం ఉంటుంది గానీ, వేళ మాత్రం నిశ్చయంగా తెలుసు. వచ్చేటప్పుడు ఆ వేళ కూడా తెలియదు. రెండు మూడు లీటర్ల నీరు నాలుగు గంటల్లో లాగేశాక రక్తపోటు పడిపోవచ్చు, పిక్కలు పట్టేయవచ్చు, మంచం దిగితే కళ్ళు తిరగవచ్చు. సూదులు తీసిన చోట పది పదిహేను నిమిషాలు అదిమిపట్టాలి. ఒక్కొక్కప్పుడు రక్తం ఆగినట్టే ఆగి ఆటోలో కుదుపుకి మళ్ళీ కారుతుంది. పన్నెండింటికి బయటపడవలసిన మనిషి ఒంటిగంటన్నరకి బయటపడతాడు. అందుకే సెల్‌ఫోనులో పిలిచే కార్లు వెళ్ళడానికి పనికొచ్చినంతగా రావడానికి పనికిరావు. రమ్మంటే అయిదు నిమిషాలు ఆగి వెళ్ళిపోతారు. చేతికి కట్టూ, సొమ్మసిల్లిన ముఖమూ చూసి బేరం రద్దు చేసుకునేవారూ ఉన్నారు. డాలస్‌లో కూర్చుని విజయవాడలోని తండ్రికి వారానికి మూడుసార్లు కారు పిలుస్తున్న కొడుకులు మనలోనే ఉన్నారు కదా. తెరమీద కారుబొమ్మ కదలకుండా నిలిచిపోయిన ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయో వారికి చెప్పనక్కరలేదు.

మరి 108? అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. అత్యవసరానికి పుట్టిన బండి. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆరింటికి ఫలానా గుమ్మం ముందు ఆగడం దాని ధర్మం కాదు, కాకూడదు కూడా. కానీ వేళ తప్పని బళ్ళు నడపడం మన ప్రభుత్వాలకు చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ప్రసవమైన తల్లినీ బిడ్డనూ ఇంటి దగ్గర దింపి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ పెట్టింది ఈ ప్రభుత్వాలే. బాలింతకు వర్తించిన న్యాయం డయాలసిస్ రోగికి ఎందుకు వర్తించదు?

ఇక మన చేతిలో మిగిలింది సొంత ఏర్పాటు. మా బాబాయి తెనాలి పక్క పల్లె నుంచి గుంటూరుకు రెండేళ్ళపాటు తిరిగారు కనుక దీని గుట్టుమట్లు కొన్ని నాకు తెలుసు. మొదట్లో రోజుకొక ఆటో. నెల తిరిగేసరికి అదే షిఫ్టులో ఉన్న మరో ఇద్దరు కలిశారు. రిటైరైన పంతులుగారొకరు, మిషను కుట్టుకు బతికే ఒకావిడ. ముగ్గురూ కలిసి ఒక ఆటో అతనితో నెలవారీ మాట్లాడుకున్నారు. రోజు లెక్కన కాకుండా నెల లెక్కన, సగం ముందుగా. ఆలస్యమైతే ఎదురుచూసినందుకు వేరే అడగకూడదు. తాను రాలేని రోజున తమ్ముణ్ణి పంపాలి. ఈ మూడో షరతే అన్నిటికన్నా విలువైనదని నా లెక్క. ఒకే డ్రైవరును నమ్ముకోవడమంటే అతని ఇంట్లో పెళ్ళినీ చావునూ కూడా మన రక్తంలోకి తెచ్చుకోవడమే.

ఆ అబ్బాయి చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఏ చేతికి ఫిస్టులా ఉందో చూసి, ఆ చెయ్యి పట్టుకుని దింపకూడదని, ఆ చేతికి సంచి తగిలించకూడదని నెలలో నేర్చాడు. పంతులుగారికి ఎడమచెయ్యి, మా బాబాయికి కుడిచెయ్యి. ఎవరు ఏ వైపు కూర్చోవాలో అతనే చెప్పేవాడు. "పెళ్ళి బేరమైనా వదులుకుంటా గానీ ఈ బేరం వదలనండి" అనేవాడు. ఎందుకు వదులుతాడు? నెలనెలా నిలకడగా వచ్చే డబ్బు ఆటో అతనికి ఇంకెక్కడ దొరుకుతుంది? దయ ఒక్కటే కాదు, లాభమూ కలిసింది కనుకనే ఆ ఏర్పాటు పదినెలలు నిలిచింది.

పదకొండో నెలలో ఆసుపత్రివారు కొత్త రోగులను సర్దడం కోసం కుట్టుమిషను ఆవిడను మధ్యాహ్నం షిఫ్టుకు మార్చారు. వాళ్ళ రిజిస్టరులో అది ఒక పేరు ఒక గడి నుంచి మరో గడికి మారడం, అంతే. ఇక్కడ ఆటో చెదిరిపోయింది. ముగ్గురి డబ్బు ఇద్దరి మీద పడింది. ఆవిడ ఒక్కతే బండి కట్టించుకోలేదు, ఎవరూ తోడులేకుండా బస్సెక్కి రాత్రికి రాలేదు. మూడు రెండయ్యాయి, రెండు ఒకటయ్యింది. డయాలసిస్ మానితే నీరు ఊపిరితిత్తులకు ఎక్కుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఆవిడ ఆ మాఘమాసం దాటలేదు. చికిత్స పూర్తిగా ఉచితంగానే అందుబాటులో ఉంది. ఆ మాట ఎవరూ కాదనలేరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉంది; నేడు ఆంధ్రలో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 2016 కేంద్ర బడ్జెట్టులో జిల్లా ఆసుపత్రులకు జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు. 2019లో ఆంధ్రప్రదేశ్ డయాలసిస్ రోగుల పింఛనును నెలకు 10 వేల రూపాయలు చేసింది. తెలంగాణ 2022లో వారికి 2,016 రూపాయల ఆసరా పింఛను ప్రకటించింది. డయాలసిస్‌కు వెళ్ళే మూత్రపిండ రోగికీ తోడు వచ్చేవారికీ రైల్వేలో రాయితీ ఉంది. మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం. అయితే తెల్లవారుజామున అయిదింటికి మీ ఊరికి బస్సుందా? ఉచితమైన బస్సు రాని ఊరికి ఆ ఉచితం ఏ పాటిది?

ఉద్దానం సంగతే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరూరా మూత్రపిండ రోగులున్నారు. ఒకప్పుడు వారు విశాఖ కేజీహెచ్‌కి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళేవారు. తరవాత సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. దూరం తగ్గింది, నిజమే. కేంద్రాలు దగ్గర చేస్తే చాలదా, బళ్ళెందుకు అనేవారికి నా జవాబు ఇదే: ఇరవై కిలోమీటర్లు ఆరోగ్యవంతుడికి దగ్గర. రక్తపోటు పడిపోయి నిలబడలేని వాడికి ఊరి బస్టాండు కూడా దూరమే.

పింఛనులోనే ప్రయాణం ఖర్చు ఉందిగా అనేవారూ ఉన్నారు. ఆ పింఛను ఇంటి బియ్యమవుతుంది, పిల్లవాడి ఫీజవుతుంది, మందులవుతుంది. కూలిపని చేయలేని మనిషి ఇంటికి వచ్చే డబ్బు ముందు పొయ్యిలోకే పోతుంది. తప్పు పట్టడానికి మనమెవరం? అందుకని ప్రయాణం డబ్బు పింఛనుతో కలపకుండా, ఒక్కొక్క డయాలసిస్‌కు ఇంత అని, హాజరైన రోజుకు లెక్కకట్టి, బండి నడిపినవాడికే నేరుగా చేర్చడం మేలని నాకనిపిస్తుంది. దొంగలెక్కలు రాస్తారంటారా? యంత్రం మీద మనిషి పడుకున్న లెక్క ఆసుపత్రి దగ్గర ఎలాగూ ఉంటుంది. దానితో సరిచూడటం బ్రహ్మవిద్యేమీ కాదు.

ఇదంతా జరిగేలోగా చేయదగ్గది ఒకటి ఉంది, దానికి జీవో కూడా అక్కరలేదు. షిఫ్టులు వేసేటప్పుడు రోగి పేరు పక్కన ఊరి పేరు కూడా చూడండి. ఒకే దారిన వచ్చే ముగ్గురినీ నలుగురినీ ఒకే షిఫ్టులో ఉంచండి. ఒకరిని మార్చవలసి వస్తే, వారితో బండి పంచుకుంటున్న మిగతావారిని కూడా అడగండి. ఈ మాట మీ ఊరి డయాలసిస్ కేంద్రంలో చార్టు రాసే సిస్టరుగారికి మీరెవరైనా చెప్పగలిగితే చెప్పండి. వినేవారు ఉంటారు, చాలామందికి ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.