చోక్ ఎంపికకు కాగితమే కొలత

పారిస్ ఒలింపిక్స్ స్కీట్ మిక్స్‌డ్ విభాగంలో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరుకా జోడీకి కాంస్యం ఒకే ఒక్క టార్గెట్ తేడాతో, 43-44తో దూరమైంది. ఆ ఒక్కటి ఎందుకు పోయిందో బయట నుంచి ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ షాట్‌గన్ పోటీల్లో పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇలాంటి ఆటలో, ముందే తేల్చుకోగలిగిన విషయాన్ని తేల్చుకోకుండా బరిలోకి దిగడం సరికాదు. చోక్ అలాంటి విషయమే. పేరు చూసో, పక్క షూటర్ వాడుతున్నాడనో చోక్ బిగించుకునే అలవాటు పోవాలి. ప్రతి షూటరూ తన తుపాకీతో, పోటీలో వాడే తూటాతో, తాను టార్గెట్‌ను పగలగొట్టే దూరం నుంచి కాగితంపై పేల్చి చూసుకోవాలి.

చోక్ అంటే బ్యారెల్ కొసన ఉండే ఇరుకు. 12 బోర్ తుపాకీ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. కొసన అది ఒక మిల్లీమీటర్ మేర సన్నబడితే ఫుల్ చోక్, అర మిల్లీమీటర్ అయితే మాడిఫైడ్, పావు మిల్లీమీటర్ అయితే ఇంప్రూవ్డ్ సిలిండర్. ఇరుకు పెరిగేకొద్దీ తూటాలోంచి వెలువడే పెల్లెట్ల (చిన్న సీసపు గుండ్ల) గుంపు చెదరకుండా ఎక్కువ దూరం పోతుంది. 40 గజాల దూరంలో, 76 సెంటీమీటర్ల వ్యాసమున్న వలయంలో నూటికి 70 పెల్లెట్లు పడితే ఫుల్ అనీ, 60 అయితే మాడిఫైడ్ అనీ, 50 అయితే ఇంప్రూవ్డ్ సిలిండర్ అనీ పాతకాలం నుంచి లెక్క.

ఈ లెక్కను మైదానంలోకి తెస్తే అసలు సంగతి బయటపడుతుంది. అంతర్జాతీయ పోటీల్లో తూటాలో 24 గ్రాముల సీసానికి మించి ఉండకూడదు. షాట్‌గన్‌లో మరో విభాగమైన ట్రాప్‌లో ఎక్కువగా వాడే 2.4 మిల్లీమీటర్ల పెల్లెట్లు అందులో సుమారు 300 పడతాయి. టార్గెట్ వ్యాసం 110 మిల్లీమీటర్లు, ఎత్తు 25 మిల్లీమీటర్లు మాత్రమే. షూటర్‌కు దూరంగా ఎగిరిపోయే ట్రాప్ టార్గెట్ ఎక్కువగా అంచు వైపే కనిపిస్తుంది. 40 గజాల దగ్గర ఫుల్ చోక్‌తో ఆ వలయంలో పడే 210 పెల్లెట్లను సమంగా పంచి చూస్తే, అంచు మాత్రమే కనిపించే టార్గెట్‌కు తగిలేది సగటున ఒక్కటి. ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో ఆ ఒక్కటి కూడా పూర్తిగా దక్కదు. గుంపు నడుమ దట్టంగా ఉంటుంది కాబట్టి గురి సరిగ్గా కుదిరినప్పుడు ఇంతకంటే ఎక్కువే తగులుతాయి. అయినా నిబంధన కఠినమైనది: టార్గెట్ నుంచి ముక్క ఊడిపడాలి, దుమ్ము మాత్రమే లేస్తే పాయింటు లేదు. అందుకే ట్రాప్ షూటర్లు ఇరుకు చోక్‌లను నమ్ముకుంటారు, వాళ్ల నమ్మకంలో న్యాయముంది. ఫైనల్లో టార్గెట్‌కు ఒకే తూటా అన్న నిబంధన వచ్చాక మొదటి బ్యారెల్ చోక్ విలువ ఇంకా పెరిగింది.

స్కీట్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ టార్గెట్లు ఎక్కువగా 20 మీటర్ల దరిదాపుల్లోనే పగులుతాయి, రెండు మిల్లీమీటర్ల పెల్లెట్లు ఒక్కో తూటాలో 500 దాకా ఉంటాయి. 20 గజాల దగ్గర ఫుల్ చోక్ గుంపు 40 సెంటీమీటర్ల మేర పరుచుకుంటే, చోక్ లేని బ్యారెల్‌ది దాదాపు 80 సెంటీమీటర్లు. పెల్లెట్లకు కొరత లేనిచోట ఇరుకు చోక్ బిగించడమంటే, గురిలో వచ్చే చిన్న తేడాకు దొరికే మన్నింపును చేజేతులా సగానికి కోసుకోవడమే.

ఇంతవరకూ పుస్తకం లెక్క. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఒక కంపెనీ బ్యారెల్ లోపలి వ్యాసం మరో కంపెనీ దానితో సమానంగా ఉండదు, చోక్ పనితనం గొట్టం వ్యాసానికీ చోక్ వ్యాసానికీ ఉన్న తేడాపై ఆధారపడుతుంది. గట్టి సీసం పెల్లెట్లు ఆకారం చెడకుండా కలిసి పోతాయి, మెత్తనివి నలిగి పక్కలకు చెదురుతాయి. కాబట్టి చోక్ మీద చెక్కిన పేరు ఒక అంచనా మాత్రమే. మన షూటర్లు చాలావరకు విదేశీ తూటాలపైనే ఆధారపడుతున్నారు. సరుకు మారితే తూటా మారుతుంది, తూటా మారితే చోక్ ఫలితమూ మారవచ్చు.

తూటాల ధర మండిపోతుంటే కాగితంపై వృథా చేయమంటారా అని కొందరు అడగవచ్చు. ఒక్క తూటాతో ఏమీ తేలదన్నది నిజమే, సగటు కోసం పది కావాలి. రెండు చోక్‌లు పోల్చినా ఇరవై, సాధన రౌండుకు పట్టే పాతిక కంటే తక్కువ. పైగా గుంపు గురి పెట్టిన చోటే పడుతోందా, పక్కకు పోతోందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. మేటి షూటర్లలో కొందరు ఏళ్ల తరబడి ఒకే చోక్ మార్చకుండా గెలుస్తున్నారు కదా అన్నది మరో వాదన. వాళ్లు పగలగొట్టే దూరం, వేగం స్థిరపడిపోయాయి, ఆ చోక్ వాటికి సరిపోయింది. టార్గెట్‌ను ఆలస్యంగా అందుకునే కుర్రవాడికి అదే సరిపోతుందన్న హామీ లేదు. ఇక నైపుణ్యం ముందు చోక్ ఎంత అన్న మాట అన్నిటికంటే బలమైనది. తుపాకీని భుజానికి చేర్చే తీరు, చూపు, కదలిక సరిగా లేకపోతే ఏ చోక్ కాపాడదు. అయితే కాగితం పరీక్ష అవసరాన్ని ఈ మాటే బలపరుస్తోంది. రెండు టార్గెట్లు పోగానే చోక్ మార్చే షూటర్ తన తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలుసుకోలేడు. ఒకసారి కొలిచి తేల్చుకున్నవాడు ఆ సందేహాన్ని పక్కనపెట్టి సాధనపై మనసు పెడతాడు.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన పురుషుల ట్రాప్ జట్టులో హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ఉన్నాడు. అతని దారిలో రాదలచిన పిల్లలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ప్రతి షాట్‌గన్ రేంజ్‌లో ఒక మూల కాగితం బిగించే చట్రం, కొలత టేపు ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రాష్ట్ర సంఘాలు ఆ ఏర్పాటు చేయాలి. పోటీల సీజన్‌కు ముందు, తూటా మారిన ప్రతిసారీ, ఆ పరీక్ష చేయించే బాధ్యత కోచ్‌లు తీసుకోవాలి.