మన ఫ్లెక్సీ బ్యానరు ఏ రోడ్డుకూ పనికిరాదు

ప్లాస్టిక్ చెత్తతో రోడ్లు వేస్తున్నారనీ, డీజిల్ తీస్తున్నారనీ మన గ్రూపుల్లో ఎప్పుడూ ఏదో ఒక వీడియో తిరుగుతూనే ఉంటుంది. కింద "ఇంక దిగులు లేదు" అని మన మాటలు. ఆ దిగులు అంత తొందరగా వదిలేయకూడదని మా అభిప్రాయం.

రోడ్డు సంగతి నిజమే. ఆ పద్ధతి పుట్టింది మన రాష్ట్రంలోనే. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పిన రాజగోపాలన్ వాసుదేవన్ గారిది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కంకరను సుమారు 170 డిగ్రీలకు కాచి, సన్నగా తురిమిన కవర్లను దానిమీద చల్లుతారు. అర నిమిషంలో ప్లాస్టిక్ కరిగి రాయికి పూతలా పట్టేస్తుంది. ఆ తరువాతే తారు. రాయీ తారూ గట్టిగా అంటుకుంటాయి, వాననీళ్ళు లోపలికి దిగవు, గుంతలు తగ్గుతాయి. చిన్న రోడ్డయితే కిలోమీటరుకు ఇంచుమించు 1 టన్ను ప్లాస్టిక్ పడుతుంది. 5 లక్షల జనాభా దాటిన నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారుల తారు పనుల్లో దీన్ని వాడాలని 2015లోనే కేంద్రం చెప్పింది. బెంగళూరు మనకు 40 కిలోమీటర్లే, లెక్క చూసుకోండి.

అయితే ఏ ప్లాస్టిక్? పాల కవర్లు, క్యారీ బ్యాగులు పనికొస్తాయి. నీళ్ళ బాటిల్ ఆ వేడికి కరగదు, అది వేరే రీసైక్లింగ్‌కు పోవాలి. పీవీసీ అయితే అసలు కూడదు, కాలిస్తే ఆమ్లపు వాయువు వస్తుంది. ఇప్పుడు మన ఉగాది సభ గుర్తు చేసుకోండి. గేటు దగ్గర పెద్దల ఫొటోలతో ఫ్లెక్సీ, అది పీవీసీ. బంతికి బంతికి చిన్న నీళ్ళ బాటిళ్ళు. అంటే మనం ఎక్కువగా పారేసే రెండూ రోడ్డుకు పనికిరానివే! (ఫొటో లేకపోతే కోపగించుకునే పెద్దలు మన్నించాలి.)

డీజిల్ కథా అంతే. గాలి తగలకుండా కాచి నూనె తీస్తారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియంలో 2019లో రోజుకు 1 టన్ను ప్లాంటు పెట్టారు. దానికీ పీవీసీ శత్రువే, యంత్రాన్ని తినేస్తుంది. పైగా కాచడానికి ఇంధనం కావాలి. మాకైతే రోడ్డే మేలనిపిస్తుంది.

గులాబీ, టమాటా తోటలున్న అన్నలకు ఒక మాట. మల్చింగ్ షీటు పాలిథిన్. మన్ను దులిపి ఆరబెడితే దానికి విలువుంటుంది, గట్టుమీద కాలిస్తే పొగే. పీవీసీ పైపుముక్కలు మాత్రం అందులో కలపకండి.

వచ్చే ఉగాదికి గుడ్డ బ్యానరు, స్టీలు గ్లాసులు, కవర్లకు విడిగా ఒక గోనెసంచి. ఈ మూడూ వచ్చే కమిటీ మీటింగులో తీర్మానానికి పెడుతున్నాం. ఆ గోనెసంచి ఏ రోడ్డు పనికి వెళ్తుందో హొసూరు కార్పొరేషన్‌ను రాతపూర్వకంగా అడగాలన్నది నాలుగోది. సంతకం పెట్టేవాళ్ళు కింద పేరు రాయండి.