ఇరవై మూడేళ్లు ఆలస్యమైన పతకం

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్యకు 1988లో మహావీర్ చక్ర ప్రకటించారు. ఆయన నేలకొరిగింది 1965 భారత్-పాక్ యుద్ధంలో. నడుమ గడిచిన 23 ఏళ్లూ ఆయన సాహసం మన రికార్డుల్లో లేదు.

ఆ ఏడాది సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఆదంపూర్ నుంచి పాకిస్థాన్‌లోని సర్గోధా స్థావరం మీదికి మన మిస్టేర్ యుద్ధవిమానాలు బయల్దేరాయి. కొడగుకు చెందిన దేవయ్య ఆ దండులో స్టాండ్‌బై మాత్రమే. ఏదైనా విమానం మొరాయిస్తేనే ఆయన వంతు వస్తుంది. అయినా దండుతో పాటే వెళ్లారు. శత్రు భూభాగం మీద ఒక ఎఫ్-104 స్టార్‌ఫైటర్ ఆయన్ను తరిమింది. ధ్వనికి రెట్టింపు వేగంతో దూసుకుపోగల విమానం అది. మిస్టేర్ దాని వేగాన్ని అందుకోలేదు. తూటాలు తిన్న విమానంతోనే దేవయ్య ఎదురు తిరిగి స్టార్‌ఫైటర్‌ను కూల్చేశారు. పాక్ పైలట్ అమ్జాద్ హుస్సేన్ పారాచూట్‌తో దిగి ప్రాణాలు దక్కించుకున్నారు. దేవయ్య మాత్రం తిరిగి రాలేదు. ఆ పోరాటాన్ని చూసిన మనవాళ్లెవరూ లేకపోవడంతో ఆచూకీ తెలియనివారి జాబితాలో ఆయన పేరు చేరింది.

ఈ కథ బయటికి వచ్చింది ఎవరి వల్ల? జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత పాకిస్థాన్ వైమానిక యుద్ధంపై 1979లో వెలువరించిన పుస్తకం వల్ల. తమ స్టార్‌ఫైటర్‌ను కూల్చింది ఒక మిస్టేర్ అన్న పాక్ వైపు కథనం అందులో ఉంది. ఆ మిస్టేర్ ఎవరిదో తేల్చే పని అప్పుడు గానీ మనవైపు మొదలు కాలేదు. మన వీరుడి గొప్పతనానికి ప్రత్యర్థి వాంగ్మూలం దిక్కయింది. పతకం చివరికి వచ్చింది కదా అని సరిపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు. ఆ పుస్తకమే రాకపోయి ఉంటే?

సైనిక వైమానికులను గౌరవించడం అనగానే మనకు విగ్రహాలు, రోడ్ల పేర్లు, ఆగస్టు 15 ప్రసంగాలు గుర్తొస్తాయి. వీటన్నిటికంటే ముందు జరగాల్సింది నమోదు. ఎవరు, ఎప్పుడు, ఏ విమానంలో, ఏ పరిస్థితిలో ఏం చేశారన్నది కాగితం మీదికి ఎక్కకపోతే ఆ తరం పోగానే విషయమూ పోతుంది. ఇక్కడే మనం వెనకబడ్డాం. 1965 యుద్ధ అధికారిక చరిత్రను రక్షణ శాఖ చరిత్ర విభాగం 1992లోనే సిద్ధం చేసింది. అది ఆ శాఖ చేతుల మీదుగా జనంలోకి రాలేదు, 2000లో ఇంటర్నెట్ ద్వారా బయటపడింది. దాచిపెట్టిన చరిత్ర వల్ల శత్రువుకు కలిగిన నష్టమేమీ లేదు. నష్టపోయింది మన పైలట్ల కుటుంబాలు.

గుర్తింపులో ఇంకో వివక్ష కూడా ఉంది. జనం ఊహలో వైమానిక వీరుడంటే యుద్ధవిమానం పైలట్, అదీ ప్రాణాలర్పించినవాడు. దశాబ్దాల పాటు సరుకులు, మనుషులు, క్షతగాత్రులను మోసినవారు ఆ ఊహలో కనిపించరు. ‘బాబా’ మెహర్ సింగ్‌నే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనిక పురస్కారం డీఎస్‌ఓ పొందిన ఏకైక భారత వైమానిక దళ అధికారి ఆయన. అసలు గొప్పదనం 1947-48లో కశ్మీర్‌లో బయటపడింది. ముట్టడిలో ఉన్న పూంఛ్‌లో, కాందిశీకులు సైనికులతో కలిసి చేతులతో చదును చేసిన చిన్న రన్‌వే మీద, చుట్టూ కొండల మీంచి కాల్పులు జరుగుతుంటే ఆయన డకోటా రవాణా విమానాన్ని దించారు. తర్వాత రాత్రిపూట నూనె దీపాల వెలుగులో ఆ విమానాలే ఫిరంగులు చేరవేశాయి. 1948 మే 24న ఆయన జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకుని లడఖ్‌లోని లేహ్‌లో దిగారు. సరైన మ్యాపులు లేవు, దారి చూపే పరికరాలు లేవు, డకోటా అంత ఎత్తుల కోసం చేసిన విమానమూ కాదు. ఆ ఏడాదే ఆయన దళం వీడారు. 1952లో విమాన ప్రమాదంలో కన్నుమూశారు. ఈనాడు లడఖ్ మన పటంలో ఉండటం వెనక ఆ ల్యాండింగ్‌ల పాత్ర ఎంతో పాఠ్యపుస్తకాలు చెప్పాలి.

మన ఊళ్ల సంగతికొద్దాం. సికింద్రాబాద్‌లో పుట్టిన ఫాలి హోమీ మేజర్ 2007లో వైమానిక దళాధిపతి అయ్యారు. హెలికాప్టర్ పైలట్ ఆ పదవి చేపట్టడం అదే మొదటిసారి. 1992 అక్టోబరులో హిమాచల్‌లోని పర్వానూ దగ్గర రోప్‌వే తెగి లోయ మీద వేలాడుతున్న క్యాబిన్‌లోంచి పది మందిని కాపాడిన చర్యకు ఆయనకు శౌర్యచక్ర దక్కింది. ఆయన హెలికాప్టర్‌ను తీగలకు అంత దగ్గరగా కదలకుండా నిలిపితే, కమాండో మేజర్ ఇవాన్ క్రాస్టో క్యాబిన్ మీదికి దిగారు. రెక్క ఒక్క తీగను తాకినా అందరి ప్రాణాలూ పోయేవి.

హైదరాబాద్ బిడ్డ ఇద్రీస్ హసన్ లతీఫ్‌ది మరో జీవితం. బర్మా రంగంలో హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపారు. దేశ విభజన వేళ పాకిస్థాన్ వైపు రమ్మన్నా కాదని ఇక్కడే నిలిచారు. 1978 నుంచి 1981 దాకా దళాన్ని నడిపారు. జాగ్వార్ యుద్ధవిమానాల రాకలో ఆయన పాత్ర ఉంది. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్న నగరంలో ఈ ఇద్దరి జీవితాలు ప్రతి బడిపిల్లకూ తెలిసి ఉండాలి.

యుద్ధ చరిత్రలను అయిదేళ్లలోపు రాయించి, రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు బహిరంగపరచాలని 2021 జూన్‌లో రక్షణ శాఖ విధానం ప్రకటించింది. మంచి నిర్ణయమే. దాన్ని గడువు పెట్టుకుని అమలు చేయాలి, ఏటా ఎన్ని ఫైళ్లు తెరిచారో పార్లమెంటుకు చెప్పాలి. తెలుగు రాష్ట్రాలు తమ పదవీ విరమణ చేసిన వైమానికుల జ్ఞాపకాలను వారి గొంతులోనే రికార్డు చేయించాలి. ఇక మన ఇళ్ల పని. పైలట్ లాగ్‌బుక్‌లో ప్రతి ప్రయాణానికీ తేదీ, విమానం రకం, గాల్లో గడిపిన సమయం ఒక్కో వరుసగా ఉంటాయి. అలాంటిది మీ ఇంట అటక మీద ఉంటే పాత కాగితాలవాడికి అమ్మకండి. దాన్ని స్కాన్ చేయించి, ఆ వరుసల వెనక కథను పెద్దాయన బతికుండగానే అడిగి రాసుకోండి.