కన్నడ అక్షరాల్లో తెలుగు పద్యం

జాతర రాత్రి రెండు దాటింది. గుడి ముందు బయల్లో కాటి సీను నడుస్తోంది. హరిశ్చంద్రుడు రాగం తీసి ఆపగానే వెనక నుంచి ‘వన్స్ మోర్’ అని కేకలు. హార్మోనియం మళ్లీ ఎత్తుకుంది. చాప మీద నా పక్కన కూర్చున్న చెల్లెలి కూతురు చెయ్యి పట్టి లాగింది. “పెద్దమ్మా, వల్లకాడు అంటే ఏంది?” “మనం సుడుగాడు అంటామే, అదే” అన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల, బొరుగుల పొట్లం పక్కన పెట్టి మళ్లీ స్టేజి వైపు తిరిగింది.

మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, కానీ దాదాపు ఎటు నడిచినా ఆంధ్ర సరిహద్దే తగులుతుంది. ఇంట్లో మాట తెలుగు, బళ్లో రాత కన్నడ. ముప్పై ఏళ్లుగా నేను కన్నడమే పాఠం చెబుతున్నాను. ఆ భాష నాకు అన్నం పెట్టింది. తెలుగు కవిత్వాన్ని మాత్రం నాకు నాటకమే ఇచ్చింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో, కాటి సీను దగ్గర, నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడతారు. జాషువా పుట్టిన వినుకొండ ఎక్కడ, మా పావగడ ఎక్కడ! పాఠ్యపుస్తకంలో నాకు ఎదురుపడని ఆ మహాకవి మా ఊరి బయల్లోకే నడిచొచ్చాడు.

మా నాయనకు తెలుగు చదవడం రాదు. అయినా తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు కంఠతా వచ్చు. అర్జునుడి వేషం కోసం వాటిని కన్నడ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మా జిల్లాలోని గుబ్బిలో 1884లో నాటక కంపెనీ పుట్టింది. మరుసటేడు కడప సీమలో సురభి మొదలైంది. అటు కన్నడ నాటకం, ఇటు తెలుగు నాటకం. రెండింటి నడుమ పెరిగిన ఊళ్లు మావి. అలాంటి చోట ఇప్పుడు ఏటా అదే వాదన: నాటకం ఎందుకు, ఆర్కెస్ట్రా పెట్టిద్దాం, పిల్లలకు పద్యాలు అర్థం కావు అని. అర్థం కాకపోతే పక్కవాళ్లను అడుగుతారు. ఆ అడగడం కోసమే నాటకం ఉండాలి. ఫోన్‌లో పద్యం ఎన్నిసార్లయినా వినొచ్చు, కానీ అక్కడ వేలు పెట్టి చూపి అర్థం చెప్పే పెద్దమ్మ ఉండదు.

జాతర పెద్దలను నేను కోరేది పెద్ద పని కాదు. నాటకాన్ని పదింటికి కాక ఏడింటికే మొదలుపెట్టండి, పిల్లలు నిద్రపోకముందే రాయబారం చూస్తారు. పద్యాలను కన్నడ లిపిలో, కఠినమైన మాటలకు అర్థాలతో చిన్న పుస్తకంగా అచ్చువేయించండి. ఇది కొత్త సంగతేమీ కాదు. యోగి కైవారం తాతయ్య తెలుగు తత్వాలను కన్నడ అక్షరాల్లో చదువుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. లిపి మారితే భాష పోదు, వినేవాళ్లు లేకపోతేనే పోతుంది.

తెల్లవారి ఇంటికొచ్చాక ఆ పిల్ల మా నాయన నోటుబుక్కు అడిగి తీసుకుంది. కన్నడ అక్షరాలే కాబట్టి పద్యం తడబడకుండా చదివేసింది. “రాగం ఎట్లా పెద్దమ్మా?” అంది. అది నోటుబుక్కులో లేదు. వచ్చే జాతరలో నాటకం ఉంటేనే దానికి జవాబు దొరుకుతుంది.