ఆటోనగర్ నుంచి రేస్ ట్రాక్‌కి

2018 నవంబరు 16 నుంచి మూడు రోజులపాటు విజయవాడ పున్నమి ఘాట్‌ దగ్గర ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పవర్‌బోట్ పోటీ జరిగింది. అమరావతి పేరు రాసుకున్న జట్టు కూడా బరిలో దిగింది. ఆ జట్టు పడవలు నడిపినవాళ్లు జోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్. ఇద్దరూ స్వీడన్ వాళ్లే. నది మనది, పేరు మనది, చప్పట్లూ మనవే. ఒడ్డున నిలబడి ముచ్చటపడ్డ కుర్రాడికి మర్నాడు వెళ్లి నేర్చుకోవడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

హైదరాబాద్ ముచ్చట ఇంకోలా ముగిసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి, ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది, చెల్లింపుల మీద ఏసీబీ విచారణ మొదలైంది. రేసు పోయి కేసు మిగిలింది.

మరి సరదాగా మొదలుపెట్టి రేసింగ్‌నే వృత్తిగా మలుచుకున్న తెలుగువాళ్లు లేరా? ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన కొండా అనిందిత్ రెడ్డి 2016లో జేకే టైర్ పోటీల్లో యూరో జేకే 16 టైటిల్ గెలిచాడు. తండ్రి విశ్వేశ్వర్ రెడ్డి పార్లమెంటు సభ్యుడు, తల్లి సంగీతా రెడ్డి అపోలో ఆస్పత్రుల కుటుంబం నుంచి వచ్చారు. కుర్రాడి ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. డబ్బున్న ప్రతివాడూ గెలవడు. కానీ డబ్బు లేనివాడు గెలుపుదాకా అసలు వెళ్లలేడు. ఫార్ములా 1 దాకా వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ తండ్రి కారు ర్యాలీల్లో గెలిచిన మనిషి. అక్కడిదాకా వెళ్లిన మరో డ్రైవర్ కరుణ్ చందోక్ తండ్రి విక్కీ చందోక్ కూడా రేసరే.

గుడివాడలో సంక్రాంతి బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తల జతను మేపే ఆసామి లెక్క డెల్టాలో అందరికీ తెలుసు. మేత, మాలీషు, రవాణా ఖర్చంతా అతనిది, వచ్చే బహుమతి పేరుకే. రేసు డ్రైవర్ ఇంట్లో జమాఖర్చులు కూడా చాలా ఏళ్లపాటు అంతే. కింది మెట్లలో జట్టు డ్రైవర్‌కు జీతం ఇవ్వదు, డ్రైవరే జట్టుకు డబ్బు కట్టి సీటు తీసుకుంటాడు. టైర్లు, ఇంజిన్ అద్దె, విరిగిన విడిభాగాలు అన్నీ ఆ బిల్లులోనే. వయసు తొందర మరొకటి. ఫార్ములా 4లో 15 ఏళ్లకే దిగొచ్చు. ఫార్ములా 1 సూపర్ లైసెన్సుకు మూడు సీజన్లలో 40 పాయింట్లు తెచ్చుకోవాలి. విజయవాడలో పిల్లల ప్రతి సరదాకూ పెద్దలు చెప్పే మాట ‘ఇంటర్ అవనీ, చూద్దాం’. ఈ ఆటలో ఇంటర్ అయ్యేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది.

అయితే డ్రైవర్ కట్టిన ఆ డబ్బు ఎటు పోతోంది? అందులో కొంత మెకానిక్ జీతంగా మారుతోంది. రేసింగ్‌లో మొదటి రోజు నుంచీ జీతం అందుకునేది అతనే. ఈ సంగతి విజయవాడకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

కోయంబత్తూరుకు ఆ సంగతి ముందే తెలుసు. పంపులు, మోటార్లు, మిల్లు యంత్రాలు తయారుచేసే ఊరది. అక్కడి కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ‘ఫార్ములా మారుతి’ అనే చిన్న రేసు కారును తయారుచేశాడు. ధర అందుబాటులో ఉండటంతో పోటీలు పెరిగాయి, పోటీల వెంట రేసు మెకానిక్కులూ పెరిగారు. కార్తికేయన్ తొలి పోటీ అందులోనే. అతను 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా 1లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ పేరే కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు పెట్టారు.

ఆ ఊళ్లో ఉన్న చేతులు మన జవహర్ ఆటోనగర్‌లో లేవా? లారీ బాడీ కట్టేవాళ్లు, లేత్ పనివాళ్లు, ఇంజిన్ బోరింగ్ చేసేవాళ్లు, శబ్దం విని జబ్బు చెప్పే మేస్త్రీలు వీధివీధికీ ఉన్నారు. పైగా మద్రాసు రేసింగ్‌కు పురిటిగడ్డ అయిన షోలవరం ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది ఎక్కడో కాదు, మన లారీలు చెన్నై వెళ్లే దారి పక్కనే. దశాబ్దాలుగా అటు సరుకు మోశాం, ఆటలో మాత్రం వేలు పెట్టలేదు. లోటు చేతుల్లో లేదు. కొలత రాసిపెట్టుకునే అలవాటు, టెలిమెట్రీ చదవడం, టైరు ఒత్తిడిని రోడ్డు వేడితో లెక్కకట్టడం, ఇవే నేర్చుకోవాలి. కానూరు, వడ్డేశ్వరం వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. బాహా, ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో విద్యార్థులే బండి గీసి, తయారుచేసి, నడపాలి. ఆ చదువూ ఈ చేతులూ ఒక్క షెడ్డులో కలిస్తే చాలు.

బీఆర్టీఎస్ రోడ్డు మీద రాత్రిళ్లు బైకులు దూకించే కొడుకున్న తండ్రికి ఒక మాట. మరో ఖరీదైన బైకు కొనివ్వకండి. జాతీయ పోటీల్లో దిగాలంటే మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు ఉండాలి, దాని సంగతి కనుక్కోండి. ఒక రేసు వారాంతానికి వాణ్ని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోటై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లి, గ్యాలరీలో కాకుండా గ్యారేజీల వైపు నిలబెట్టండి.

ఆటోనగర్ సంఘాలకు కూడా ఒక విన్నపం. ఈసారి ఎవరైనా వచ్చి కోట్ల రూపాయల అంతర్జాతీయ పోటీ తెస్తామంటే, ముందు ఒక పాత ఫార్ములా కారు, ఒక షెడ్డు, విప్పి బిగించడం నేర్పే ఇద్దరు మేస్త్రీలను అడగండి.