తెర మీది గెలుపు, కంపెనీ చెప్పే లోపం

2018 జనవరిలో ఇంగ్లండులో ఒక వ్యక్తి ఆన్‌లైన్ బ్లాక్‌జాక్ ఆటలో 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచాడు. సాఫ్ట్‌వేర్‌లో లోపమున్నదంటూ బెట్‌ఫ్రెడ్ సంస్థ చెల్లింపు నిరాకరించింది. 2021 ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు అతని పక్షాన తీర్పునిచ్చింది. కంపెనీ చూపిన షరతులు ఆ సందర్భానికి వర్తించవని, వాటిని ఆటగాడికి స్పష్టంగా తెలియజేయలేదని తేల్చింది. జూదపు ఒప్పందాన్ని కోర్టులో అమలు చేయించుకునే వీలు అక్కడి 2005 నాటి చట్టంలో ఉన్నది.

అదే అయిజ యువకుడికి జరిగితే దావాకే తావులేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా నిషేధించి, నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. అయినా విదేశీ యాప్‌లు ఫోన్లలోకి చొరబడుతూనే ఉన్నాయి.

గద్వాల ప్రాంతపు విత్తన పత్తి రైతుకు ఈ తీరు కొత్త కాదు. విత్తనం ‘ఫెయిల్’ అయిందన్న కబురు తాను చూడని పరీక్ష నుంచి వస్తుంది. రైతుది చెమటోడ్చిన పంట, జూదగాడిది పందెం. ఆ తేడా చిన్నది కాదు. కానీ లెక్క పుస్తకం అవతలివాడి చేతిలోనే ఉండడం రెండుచోట్లా ఒకటే. మనవాడు ఓడిన రాత్రి మాత్రం ఏ లోపమూ బయటపడదు.

గెలుపు సొమ్ము ఇప్పించమని మేము కోరడం లేదు. మైసిర్ హరామ్, ఆ సొమ్ము మనది కాదు. మా ఆందోళన వేరు. హరామని ఒక్క మాట చెప్పి జుమా ఖుత్బా ముగిస్తే, అప్పులపాలైన కుటుంబం సిగ్గుతో నోరు మూసుకుంటుంది. ఆ మౌనమే మోసగాళ్లకు రక్ష. ‘గెలిచిన మొత్తం విడుదలకు ముందుగా పన్ను కట్టండి’ అనే మాట మోసమే. అలా డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. కేంద్ర చట్టం ఆడినవారికి శిక్ష పెట్టలేదు. నిర్వాహకులను, ప్రచారకులను, సొమ్ము చేరవేసేవారిని పట్టుకోమన్నది.

కనుక జిల్లా పోలీసులు ‘ఎందుకు ఆడావు’ అన్న ప్రశ్నతో బాధితుణ్ని వెనక్కి పంపక ఫిర్యాదు రాసుకోవాలి. మస్జిద్ కమిటీలు చదువుకున్న ఇద్దరు యువకులను అతనికి తోడుగా ఠాణాకు పంపాలి; బ్యాంకు స్టేట్‌మెంటు, యాప్ స్క్రీన్‌షాట్లు వెంట ఉండాలి.