టాపు లేని కారు... టాపు లేచిపోయే మజా!

పాత సినిమాల్లో వొక తమాషా మీరు గమనించే వుంటారు. హీరో ఓపెన్ టాప్ కారు నడుపుతుంటాడు. వెనక రోడ్డు తిన్నగా సాగిపోతుంటుంది. ఆయన మాత్రం స్టీరింగ్‌ని అటూ యిటూ తెగ తిప్పేస్తూ, పక్కనున్న హీరోయిన్ వంక చూస్తూ పాట పాడేస్తుంటాడు! గుట్టు మీకు తెలిసిందే. కారు స్టూడియోలో కదలకుండా వుంది. పరుగెడుతున్నది వెనక తెరమీది బొమ్మ. దాన్నే బ్యాక్ ప్రొజెక్షన్ అంటారు.

మనవాళ్ళే కాదు, జేమ్స్‌బాండ్ దొరగారూ యీ పని చేశారు. 1962లో వచ్చిన 'డాక్టర్ నో'లో షాన్ కానరీ నీలంరంగు సన్‌బీమ్ ఆల్పైన్‌లో జమైకా కొండదారిన శత్రువుల్ని తప్పించుకుంటాడు. దగ్గర షాట్లలో కనిపించేది స్టూడియో మహిమే! రెండేళ్ళకి 'గోల్డ్‌ఫింగర్'లో ఆస్టన్ మార్టిన్ డి.బి.5 దిగింది. మీట నొక్కితే పక్క సీట్లోవాడు ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఆ దెబ్బతో కుర్రకారుకి 'కారు' పిచ్చి పట్టుకుంది.

మరి అలాంటి కారు నిజంగా నడిపితే మజా ఎక్కడుంటుంది? స్పీడులోనా? పదిమంది మనవంక చూడ్డంలోనా?

రెండూ కాదంటాను. సాక్ష్యానికి ఎం.జి.బి.ని పిలుద్దాం.

ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే వూళ్ళో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల కారిది. టాపున్న జీటీ మోడల్‌తో కలిపి అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఇంజను 1798 సి.సి. నిలబడ్డచోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. ఇవాళ్టి సంసారపక్షం కారు కూడా దీన్ని సిగ్నల్ దగ్గర వెనక్కి నెట్టేస్తుంది! వెనకవైపు లారీకి వున్నట్టే కమాను కట్టలు. పవర్ స్టీరింగ్ లేదు.

అయినా నడిపేవాడి మొహం చూడండి... వెలిగిపోతుంటుంది! ఎందుకంటే సీటు నేలకి దగ్గర. రోడ్డు మీద చిన్న గతుకున్నా స్టీరింగ్ చేతికి చెప్పేస్తుంది. గేరు మార్చడం మణికట్టు పని. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే ఎనభైలో వెళుతున్నా నూటయిరవైలో వెళుతున్నట్టుంటుంది. భయపడేంత వేగం లేకుండానే వేగం రుచి తెలుస్తుంది. అదీ రహస్యం!

ఇక సొంతదారుడి కష్టాలంటారా... అవీ మజాలో భాగమే. చలి ఉదయం చోక్ లాగి, ఇంజను వేడెక్కేదాకా బుజ్జగించాలి. జంట కార్బ్యురేటర్లు రెండూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడ్డానికి రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని, డాక్టరు గుండె పరీక్ష చేసినట్టు 'బుస్స్...' శబ్దం వినాలి. దీపాలు ఎప్పుడారిపోతాయో తెలియదు. అందుకే ఆ కాలపు బ్రిటిష్ కార్లకి కరెంటు సామాను చేసిన పెద్దమనిషికి 'చీకటి రాజు' అని బిరుదిచ్చారు యజమానులు! తుప్పు పట్టిందా? 1988 నుంచి అసలు అచ్చులతోనే ఎం.జి.బి.కి కొత్త బాడీలు చేసి అమ్ముతున్నారు. ముసలి హీరోకి కొత్త మేకప్ అన్నమాట.

ఇలాంటివాటికి మనమేం పూర్తిగా పరాయివాళ్ళం కాదండోయ్! ట్రయంఫ్ హెరాల్డ్ అనే బ్రిటిష్ కారు 1961 నుంచి 1971 దాకా 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో మద్రాసులోనే తయారైంది. ఆ హెరాల్డ్ చాసిస్‌నే కురచ చేసి, 1962లో బ్రిటన్‌లో చేసిన స్పోర్ట్స్ కారే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. అంటే మద్రాసు వీధుల్లో బుద్ధిగా తిరిగిన ఫ్యామిలీ కారుకి ఆ సీమ సుందరి స్వయానా చెల్లెలు!

చెల్లెలు అందగత్తే కాని, కాస్త పెంకిది. తొలి స్పిట్‌ఫైర్లని మలుపులో జోరుగా తిప్పుతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకుని కారు తిరగబడే ప్రమాదముండేది. ఇక్కడ కాస్త సీరియస్‌గా వినండి. యీ కార్లకి ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. తెరమీద హీరోకి డూపుంటాడు, రెండో టేకుంటుంది. మీకు రెండూ వుండవు. కారు హద్దు తెలుసుకుని, ఆ హద్దుకి లోపల హాయిగా నడిపేవాడే అసలు డ్రైవరు.

మరి ఆ డి.బి.5 సంగతేమిటంటారా? బాండ్ సినిమాల్లో కనిపించిన అసలు కారొకటి 2010లో లండన్ వేలంలో దాదాపు 29 లక్షల పౌండ్లకి పోయింది. అంత పెట్టి కొన్నాక రోడ్డెక్కించాలంటే గుండె దడదడలాడదూ! నడపకుండా దాచేస్తే కారు బాగుంటుందనుకోవడం కూడా భ్రమే. రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, బ్రేకులు బిగుసుకుంటాయి. కారుకి ఆయుష్షు తిరగడంలోనే వుంది. సెలవురోజున ఎం.జి.బి. టాపు తీసి పల్లెదారిన పోయే గుమాస్తాకి దక్కేది, ఆస్టన్‌కి ముసుగేసి తాళం పెట్టిన కోటీశ్వరుడికి దక్కదు.

కాబట్టి సోదరులారా, ఈసారి తెరమీద హీరో కారెక్కితే కారు వంకే కాదు, ఆయన చేతుల వంక కూడా చూడండి. గేరు మారుస్తున్నాడా, వట్టినే స్టీరింగ్ తిప్పుతున్నాడా? మారుస్తుంటే వొక విజిల్ వెయ్యండి. లేకపోతే... పాట బాగుంటే సర్దుకుపోండి!